నచ్చకపోతే ఖాళీ చెయ్యి

2019 నవంబర్‌లో మాస్టడాన్‌లో ఖాతా తెరిచాను. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ ఆపేసిందని కోపమొచ్చి, ఇక్కడివాళ్ళు చాలామంది అటు వెళ్ళిన రోజులవి. కంపెనీ లేదు, ప్రకటనలు లేవు, కోడ్ అందరిదీ అన్నారు. సాఫ్ట్‌వేర్ వాణ్ణి కదా, ఆ చివరి ముక్కకే పడిపోయాను.

మాస్టడాన్ ఒకే సైటు కాదు. వేల సర్వర్లు, ఒక్కోదానికి ఒక్కో అడ్మిన్, ఒక్కో నియమావళి. నేనున్న చిన్న సర్వర్ అడ్మిన్ ఓ రాత్రి ఇంకో సర్వర్‌ను మొత్తంగా బ్లాక్ చేశాడు. అక్కడ నాకో పదిమంది మిత్రులు, పుస్తకాల కబుర్లు. పొద్దున లేచేసరికి ఒక్కరూ లేరు. ఎందుకని అడిగితే, "నచ్చకపోతే వేరే సర్వర్‌కి వెళ్ళొచ్చు" అన్నాడు.

నా పేచీ ఈ జవాబుతోనే. హైదరాబాద్‌లో అద్దెకున్న ఎవరైనా ఈ మాట వినే ఉంటారు. ఇక్కడ సర్వర్ మారితే ఫాలోవర్లు వెంట వస్తారు గానీ, రాసిన పోస్టులు రావు. పోనీ కోడ్ ఫోర్క్ చేసుకుని సొంతంగా పెట్టుకో అంటారు. కోడ్ కాపీ చెయ్యడానికి నిమిషం చాలు. మనుషుల్ని కాపీ చేసే కమాండ్ ఏదీ నేనింతవరకూ చూడలేదు.

బ్లాక్ చెయ్యడమే తప్పని నేననను. 2019లో గ్యాబ్ అనే విద్వేషాల అడ్డా మాస్టడాన్ కోడ్ తీసుకుని వచ్చినప్పుడు, చాలా సర్వర్లు దానికి తలుపులు మూసేశాయి. మంచి పని చేశాయి. నేనడిగేది వేరు: ఎవరు నిర్ణయించారు? ఏ నియమం ప్రకారం? కాదనాలంటే ఎక్కడ చెప్పుకోవాలి?

నాయకులు లేని గుంపంటూ ఉండదనీ, ఉన్న నాయకుల్ని కనపడకుండా దాచిన గుంపు మాత్రమే ఉంటుందనీ స్త్రీవాది జో ఫ్రీమన్ 1970ల మొదట్లోనే వాదించింది. మనం యాభై ఏళ్ళ తర్వాత అదే పాఠం మళ్ళీ ఫెయిలవుతున్నాం. మాస్టడాన్‌నే చూడండి. 2016లో దాన్ని మొదలుపెట్టిన ఆయ్గెన్ రోచ్కో 2025 నవంబర్‌లో గానీ సీఈఓ పదవి వదల్లేదు. ఆ పెత్తనం లాభాపేక్షలేని సంస్థకు అప్పగించడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. ఆయన చెడ్డవాడని కాదు. మంచివాడు కాబట్టే మనకెవరికీ రాజ్యాంగం అవసరం గుర్తుకు రాలేదు.

వేరే దారి లేకపోలేదు. సోషల్ డాట్ కోఆప్ అనే సర్వర్‌ను 2017 నుంచీ సభ్యులే డబ్బులు వేసుకుని, ఓట్లు వేసుకుని నడుపుకుంటున్నారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్ళినవాళ్ళకి ఇందులో విసుగెంతో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క నిర్ణయానికి వారాలు పట్టొచ్చు. కానీ అక్కడ ఓడిపోయినవాడికి ఎందుకు ఓడిపోయాడో తెలుస్తుంది.

చివరగా నా తప్పు కూడా చెప్పాలి. నా పాత అడ్మిన్ రాత్రుళ్ళు కూర్చుని, జీతం లేకుండా బూతుల రిపోర్టులు చదివేవాడు. సర్వర్ అద్దె తన జేబులోంచి కట్టుకునేవాడు. నేను ఒక్క రూపాయి ఇవ్వలేదు, ఒక్క రిపోర్టు చూస్తాననలేదు, నియమావళి చివరిదాకా చదవలేదు. అలసిపోయిన మనిషి ఓ రాత్రి ఒంటరిగా తీసుకున్న నిర్ణయం అది. అతన్ని ఒంటరిగా వదిలేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

కాబట్టి ఈసారి ఎవరైనా స్వేచ్ఛా వేదిక పెట్టాం రమ్మంటే, కోడ్ ఎక్కడుందని అడగను. ఓటుందా, చందా ఎంత, నా వంతు పనేంటని అడుగుతాను. మీరూ అడగండి.