విల్లా గేటు కాదు, కాగితాలు చూడాలి

యాచారం: సాగర్ రోడ్డు వెంట పొలాలు వెంచర్లవుతున్నాయి. యాచారంతో సహా ఏడు మండలాల 56 గ్రామాలకు 2025లో ఫ్యూచర్ సిటీ అభివృద్ధి సంస్థ ఏర్పడటంతో, బేరాలకు ఆ పేరూ తోడైంది. ఎకరం అమ్మిన సొమ్ముతో ప్రశాంతమైన చోట విల్లా కొనదలచిన రైతు కుటుంబం కమాను, పూలమొక్కలు చూసి మోసపోరాదు.

ముందు భూమి పుట్టుక తెలుసుకోవాలి. పేదలకిచ్చిన అసైన్డు భూమి అమ్మకం 1977 చట్టం ప్రకారం చెల్లదు. 2016 రెరా చట్టం ప్రకారం పెద్ద వెంచరును నమోదు చేయనిదే అమ్మరాదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకముందు ధరలో పదోవంతుకు మించి అడ్వాన్సు తీసుకోరాదు. అప్పగించిన అయిదేళ్లలోపు కట్టడంలో లోపం బయటపడితే బిల్డరే తన ఖర్చుతో బాగుచేయాలి.

కాగితాలు సరిగా ఉన్నా నీళ్లు లేనిదే కాపురం సాగదు. మే నెలలో బోరు పోస్తుందా, మురుగు ఎటు పోతుంది, బడి, దవాఖానా, బస్సు ఎంత దూరం, నెలనెలా నిర్వహణకు ఎంత కట్టాలి అన్నది అక్కడ కాపురమున్నవారినే అడగాలి.

అనుమతి పొందిన వెంచర్ల జాబితాను ప్రతి గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుపై అంటిస్తే ఎన్నో కుటుంబాల కష్టార్జితం నిలుస్తుంది. అధికారులు ఈ విషయం ఆలోచించాలి.