అరుగెక్కిన అప్పు

పండుగ సంచికలో అప్పుల గొడవేమిటని మీరు విసుక్కోవచ్చు. అరిసెల గురించో, పిల్లల తెలుగు గురించో రాయక ఈ పాత బాకీల పురాణం ఎందుకయ్యా అనీ అనవచ్చు. కానీ కిందటేడు మన అసోసియేషన్ వనభోజనాల్లో ఒక చెట్టుకింద కూర్చున్న ఆరుగురిలో నలుగురికి ఇదే కథ ఉందని తేలింది. నలుగురూ అంతకుముందు ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకోకపోవడమే అసలు జబ్బని నా అభిప్రాయం. అందుకే ముందు నా కథ చెబుతాను.

నేను 2011లో హైదరాబాదులో ఉద్యోగం వదిలి న్యూజెర్సీ వచ్చాను. వచ్చేముందు క్రెడిట్ కార్డు బాకీ అణా పైసలతో కట్టేసి, బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు రద్దు చేయమన్నాను. "అలాగే సార్" అన్నారు. కార్డు కత్తెరతో నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో పడేసి విమానం ఎక్కాను. ఆ "అలాగే సార్" తప్ప నా దగ్గర మరో ఆధారం లేదు.

కార్డు రద్దు కాలేదు. మరుసటి ఏడు దాని మీద ఏడువందల రూపాయల వార్షిక రుసుము పడింది. బిల్లు నేను ఖాళీ చేసిన అద్దె ఇంటికి వెళ్ళింది. దాని మీద లేటు ఫీజు, ఫీజు మీద వడ్డీ, వడ్డీ మీద పన్ను. 2016 సంక్రాంతి వెళ్ళిన వారానికి అది ముప్ఫై ఎనిమిది వేల నాలుగువందలై, మోటారు సైకిలెక్కి తెనాలిలో మా ఇంటి అరుగు మీదికి వచ్చింది.

వచ్చినవాళ్ళు ఇద్దరు. దీపాలు పెట్టే వేళ. మా నాన్నగారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. ఆ వీధిలో సగం మంది ఆయన దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ళే. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీదే నిలబడి, ఎదురింటికి వినబడేటట్టు, "మీ అబ్బాయి అప్పు ఎగ్గొట్టి అమెరికా పారిపోయాడు మాస్టారూ" అన్నారు. నాన్నగారు పెన్షన్ డబ్బుల్లోంచి అయిదు వేలు తెచ్చి ఇచ్చి, వాళ్ళు చూపించిన కాగితం మీద సంతకం పెట్టారు. మిగతాది రెండు నెలల్లో కడతామని అందులో రాసి ఉంది. ఈ సంగతి నాకు చెప్పలేదు. మూడు వారాల తర్వాత అమ్మ చెప్పింది, అదీ, "మీ నాన్న సాయంత్రాలు అరుగు మీద కూర్చోవడం మానేశారురా" అని మొదలుపెట్టి.

ఆ రోజుల్లో నాకు స్నేహితులు ఇచ్చిన సలహా ఒకటే. "ఆరువందల డాలర్లు కూడా లేదు. పారేసి పీడ వదిలించుకో." ఈ సలహా తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

రికవరీ ఏజెంట్ల పెట్టుబడి మన పరువు. కొడుకు డాలర్లు సంపాదిస్తున్నాడు, తల్లిదండ్రులు నలుగురిలో మాట పడలేరు. ఈ రెండూ వాళ్ళకి తెలుసు. అప్పు నిజమా కాదా అన్న ప్రశ్న వాళ్ళకి అనవసరం. మనం డాలర్లలోకి మార్చుకుని "ఎంతలే" అనుకున్న ప్రతిసారీ, మరో ఊళ్ళో మరో మాస్టారి అరుగు మీదికి వాళ్ళని మనమే పంపిస్తున్నాం. పైగా కొంత కట్టి రాజీ పడితే క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని పడుతుంది. పూర్తిగా కట్టకుండా బేరమాడినవాడని దానికి అర్థం. చేయని అప్పుకి డబ్బూ ఇచ్చి, చెడ్డపేరూ కొనుక్కున్నట్టు.

మన తాతలు ఈ విషయంలో మనకంటే తెలివైనవాళ్ళు. ప్రోనోటు మీద బాకీ తీర్చిన రోజున నోటు వెనక "చెల్లు" రాయించుకుని, నోటు చేతికి తీసుకుంటే గానీ ఇల్లు చేరేవారు కాదు. మూడేళ్ళు నిండబోతుంటే షావుకారు వచ్చి, "ఎంతో కొంత ఇచ్చి నీ చేత్తో చెల్లు వెయ్యి" అని ఎందుకు బతిమాలుతాడో కూడా వాళ్ళకి తెలుసు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు అప్పుకి దావా గడువు మూడేళ్ళు. గడువులోపల బాకీదారు కొంత కట్టి రాత ఇచ్చినా, బాకీ ఉందని రాసి సంతకం చేసినా లెక్క మళ్ళీ మొదలవుతుంది. మా నాన్నగారి చేత అయిదు వేలు కట్టించి కాగితం రాయించుకోవడం ఆ షావుకారు ఎత్తే. నేను ఆయనకి పవరాఫ్ అటార్నీ ఇచ్చి ఉండకపోవడం మా అదృష్టం. పొలాల కోసమో ఫ్లాట్ల కోసమో మనలో చాలామంది ఇచ్చే ఉంటారు. అలాంటప్పుడు ఆ సంతకం మీదేనని వాదించడానికి సందు దొరుకుతుంది.

సరే, నేను చేసింది చెబుతాను. మొదట నాన్నగారికి ఒక్క మాట చెప్పాను: ఎవరొచ్చినా, "మా అబ్బాయికి రాతపూర్వకంగా రాయండి" అని మెయిల్ అడ్రసు ఇవ్వండి, రూపాయి ఇవ్వకండి, సంతకం పెట్టకండి. హామీ సంతకమో, ఉమ్మడి ఖాతానో లేనప్పుడు పిల్లల అప్పుకి తల్లిదండ్రులు బాధ్యులు కారు. ఆ మాట మన నోటితో చెబితేనే వాళ్ళకి ధైర్యం వస్తుంది. తర్వాత బ్యాంకుకి రాశాను. ఏజెంటుకి కాదు, బ్యాంకుకి. మొదటి రోజునుంచి లెక్క మొత్తం పంపమన్నాను. నేను వచ్చాక ఆ కార్డు మీద ఒక్క కొనుగోలైనా ఉంటే చూపించమన్నాను. మా ఇంటికి వచ్చినవాళ్ళకి మీరిచ్చిన అధికారపత్రం నకలు పంపమన్నాను. నెల రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కి రాస్తానన్నాను.

ఇరవై నాలుగో రోజున జవాబొచ్చింది. కొనుగోళ్ళు ఏమీ లేవట. "వినియోగదారుడి సంతృప్తి కోసం" మొత్తం మాఫీ చేశారట. తప్పు మాది అన్న మాట మాత్రం ఆ ఉత్తరంలో ఎక్కడా లేదు. అయిదు వేలు తిరిగి వచ్చాయి. నాన్నగారు మళ్ళీ అరుగు మీద కూర్చోవడానికి ఏడాది పట్టింది.

నేనేదో ఘనకార్యం చేశానని కాదు. నియమాలు అప్పటికే ఉన్నాయి, నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది: ఖాతాదారు ఇచ్చిన ఫిర్యాదు తేలేదాకా, అది ఉత్త వేధింపు ఫిర్యాదని రుజువులుంటే తప్ప, ఆ బాకీని ఏజెంట్లకి అప్పగించకూడదని. అంటే మీరు రాసిన ఒక్క ఉత్తరం ఏజెంటు రాకకి అడ్డుకట్ట. 2022 ఆగస్టులో ఇంకా గట్టిగా చెప్పింది: ఉదయం ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్లు చేయకూడదు, బెదిరించకూడదు, నలుగురిలో అవమానించకూడదు, కుటుంబ సభ్యుల, స్నేహితుల జోలికి పోకూడదు. ఏజెంటు తప్పుకి బ్యాంకుదే బాధ్యత. కార్డు రద్దు చేయమని అడిగితే, బాకీ లేనప్పుడు ఏడు పనిదినాల్లో రద్దు చేయాలని, లేకపోతే రోజుకి 500 రూపాయలు ఖాతాదారుకి చెల్లించాలని కూడా 2022లోనే నియమం వచ్చింది. అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయడానికి పైసా ఖర్చు లేదు, ఇక్కడినుంచే చేయవచ్చు.

ఇటువైపునుంచి అటు వెళ్ళేవాళ్ళకీ ఇదే బాధ. అపార్ట్‌మెంట్ ఖాళీ చేసి ఇండియా తిరిగి వెళ్ళిపోయిన మిత్రుడికి ఆరు నెలల తర్వాత తివాచీ పాడుచేశావని బిల్లు వస్తుంది. ఇన్సూరెన్సు కట్టేసిందనుకున్న ఆసుపత్రి బాకీ వసూళ్ళ కంపెనీ చేతికి పోతుంది. అమెరికాలో ఇందుకు 1977 నుంచి చట్టం ఉంది. వసూళ్ళ కంపెనీ నోటీసు అందిన 30 రోజుల్లోపల "ఈ బాకీ నేను ఒప్పుకోవడం లేదు" అని రాతలో పంపితే, ఆధారం పంపేదాకా ఆ కంపెనీ వసూలు ఆపాలి. మీ అప్పు సంగతి మీ పక్కింటివాళ్ళకి చెప్పకూడదు. భయపడి చూడకుండా పక్కన పడేసిన కవరులోనే ఆ 30 రోజులు కరిగిపోతాయి.

ఇక చేదుమాట ఒకటి. నిజంగా చేసిన అప్పు కట్టాల్సిందే. టిక్కెట్టుకని, ఫీజులకని అప్పు తీసుకుని సముద్రం దాటగానే ఫోన్ నంబరు మార్చేసినవాళ్ళు మనలో లేరనను. హామీ పెట్టిన బాబాయో, పాత స్నేహితుడో ఆ భారం మోస్తున్నాడు. మూడేళ్ళు దాటింది, ఇక దావా లేదని వాళ్ళు సంబరపడనక్కర్లేదు. అదే కాలపరిమితి చట్టంలోని పదిహేనో సెక్షను ప్రకారం, బాకీదారు దేశం బయట ఉన్న కాలం ఆ లెక్కలోకి రాదు. ఇరవయ్యేళ్ళు ఇక్కడ ఉన్నా, ఆ గడియారం అక్కడ ఆగే ఉంటుంది. నిజమైన అప్పు ఎగ్గొట్టే ప్రతివాడూ, నిజాయితీపరుడి ఇంటిముందు ఏజెంటు అరిచే ఆ మాటకి బలం ఇస్తున్నాడు.

అందుచేత నా మనవి ఇంతే. దేశం మారేముందు ప్రతి ఖాతాకీ బాకీ లేదన్న ఉత్తరం రాతలో తీసుకోండి; అదే ఈ కాలపు చెల్లు. అడ్రసు మార్చిన సంగతి రాతలో చెప్పండి. వివాదం వస్తే డబ్బుకంటే ముందు కాగితం అడగండి. అన్నిటికంటే ముఖ్యంగా, ఈ పండుగకి ఇంటికి ఫోన్ చేసినప్పుడు బట్టలు కొనుక్కున్నారా, పిండివంటలేం చేశారని అడిగాక ఇంకొక మాట కూడా అడగండి: "నా కోసమని ఎవరైనా ఇంటికి వచ్చారా?" అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మా నాన్నగారు చెప్పలేదు.