ధనము పోయినవాడే దోషియా?

కార్డు గలవా డెఱుగకుండ ఖాతాలోని సొమ్ము మాయమగుట నేడు పట్టణములయందును పల్లెలయందును తఱచుగా వినవచ్చుచున్నది. దొంగవలన గలుగు నష్టమొక యెత్తు. అటుపిమ్మట బ్యాంకు మెట్లెక్కినవానికి గలుగు పరాభవ మొక యెత్తు. “మీ ఫోనునకు వచ్చిన ఓటీపీ సరిగానే నమోదైనది, కావున తప్పు మీదే” యని యొక్క వాక్యముతో తగవు ముగించుట న్యాయసమ్మతము కాదని మా దృఢాభిప్రాయము.

ఈ విషయమున రిజర్వు బ్యాంకు మౌనము వహింపలేదు. 2017 జూలై 6వ తేదీ యుత్తరువులో, లోపము బ్యాంకుదైనచో ఖాతాదారునకు బాధ్యత లేదని నిర్ణయించెను. లోప మీ యిరువురియందును గాక వేఱొకచోట నున్నప్పుడు, బ్యాంకు వర్తమాన మందిన 3 పనిదినములలోపల తెలిపినవానికిని నష్టము రాదనెను. ఫిర్యాదందిన 10 పనిదినములలో సొమ్ము తాత్కాలికముగా జమకట్టవలెననియు, 90 దినములలో తగవు తీర్పవలెననియు విధించెను. అన్నింటికంటె ముఖ్యముగా, ఖాతాదారుని బాధ్యతను రుజువుచేయు భారమును బ్యాంకుపైననే యుంచెను.

అజాగ్రత్తను మేము సమర్థింపము. రహస్యసంఖ్యను పరులకు చెప్పినవాడు, ఫిర్యాదు చేయువఱకు గలిగిన నష్టమును తానే భరింపవలెనని యా యుత్తరువే చెప్పినది. కాని యంకె నమోదైనదన్నంతమాత్రమున దానిని నమోదుచేసినవా డెవడో, అది వానికెట్లు చిక్కెనో తేలునా? రుజువు చేయవలసినవాడే తీర్పరి యగుట యే ధర్మశాస్త్రమున గలదు?

2025 జనవరిలో సుప్రీంకోర్టు నెదుటికి వచ్చిన వ్యాజ్యము గమనింపదగినది. స్టేటు బ్యాంకు ఖాతాదారు డొకడు సుమారు 94 వేల రూపాయలు పోగొట్టుకొని, 24 గంటలలోపలనే ఫిర్యాదు చేసెను. అతడు ఓటీపీ నితరులకు తెలిపెనని బ్యాంకు వాదించెను. గౌహతి హైకోర్టు ఖాతాదారుని పక్షముననే తీర్పుచెప్పగా, సుప్రీంకోర్టు దానిని త్రోసివేయ నిరాకరించెను. ఖాతాదారులును మెలకువతో నుండవలెనని హెచ్చరించెను. న్యాయము గెలిచినది, నిజమే. కాని పోయిన ప్రతివాడును సుప్రీంకోర్టుదాక పోగలడా?

బ్రిటనులో 2024 అక్టోబరు 7 నుండి, కార్డు తగవులలో గాకున్నను, మోసపోయి తన చేతులతో నితర ఖాతాకు సొమ్ము పంపినవానికి గూడ 85 వేల పౌనులవఱకు తిరిగి చెల్లించు నియమము గలదు. ఆ భారమును సొమ్ము పంపిన బ్యాంకును, అందుకొన్న బ్యాంకును చెరిసగము మోయవలెను. మోసగానికి ఖాతా తెఱచి యిచ్చినవానికి బాధ్యత లేకుండునా?

మేము కోరునది దానము కాదు. ఫిర్యాదును త్రోసిపుచ్చు ప్రతి బ్యాంకును తన కారణములను, సాక్ష్యములతో, ఖాతాదారునకు తెలిసిన భాషలో వ్రాసి యీయవలెను. పాఠకులును ఆలస్యము చేయరాదు. వెంటనే బ్యాంకునకును, 1930 సంఖ్యకును తెలిపి, ఫిర్యాదు సంఖ్య వ్రాసికొనవలెను. 30 దినములలో ప్రత్యుత్తరము రానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు విన్నవింపవలెను. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినట్లు మనము మేలుకొన్నచో, ఎంత మంచి యుత్తరువైనను కాగితముగనే మిగులును.