తిన్నది కాదు, మిగిలింది అడగండి

ఆంధ్రప్రదేశ్ తీరంలోని ఉప్పాడలో ఒక నేత ఇంటికి వెళ్లి "నెలకు ఎంత సంపాదిస్తారు?" అని అడిగి చూడండి. వెంటనే జవాబు రాదు. నెల అన్నది జీతగాళ్ల లెక్క. జాందానీ నేసేవారి లెక్క చీరతోనే. మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, ఒక్కో బుటాకు పోగులు చేత్తో ఎక్కిస్తూ కష్టపడితే, డిజైన్‌ను బట్టి పది రోజులకో, నెలకో, రెండు నెలలకో ఒక చీర దిగుతుంది. కూలి అప్పుడే. అందులో పాత బాకీకి పట్టుకోగా మిగిలిందే చేతికొస్తుంది. అదే ఇంట్లో "బాకీ ఎంత ఉంది?" అని అడగండి. తడుముకోకుండా చెబుతారు.

మన దేశంలో ఎవరికెంత ఆదాయమో లెక్కగట్టే పెద్దలు ఈ రెండో ప్రశ్నకు ఇవ్వాల్సిన విలువ ఇవ్వడం లేదు. అందుకే లెక్క తప్పుతోంది.

2025 జులైలో కేంద్ర ప్రభుత్వం, సమానత్వంలో ప్రపంచంలోనే మనది నాలుగో స్థానమని ప్రకటించింది. ప్రపంచ బ్యాంకు 2022-23కి ఇచ్చిన గినీ సూచిక 25.5 అందుకు ఆధారం. ఇటలీ గణాంకవేత్త కొర్రాడో గినీ 1912లో చెప్పిన కొలత ఇది. అందరికీ సమానంగా అందితే సున్నా, అంతా ఒక్కరికే చేరితే వంద. ఈ ప్రకటనకు ఏడాది ముందే, 2024 మార్చిలో, పారిస్‌లోని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ పరిశోధకులు మరో లెక్క చెప్పారు. 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం నూటికి ఒక్కరి చేతిలోనే ఉన్నాయన్నారు. దేశం అదే, ఏడాదీ అదే. ఒకరికి సమానత్వం కనిపిస్తే మరొకరికి అగాధం కనిపించింది. మొదటివారు కొలిచింది ఖర్చును, రెండోవారు కొలిచింది ఆదాయాన్ని, ఆస్తిని.

ఖర్చు లెక్కలో తేడాలు ఎందుకు తగ్గిపోతాయో చెప్పడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు. 2023-24 కుటుంబ వినియోగ వ్యయ సర్వే ప్రకారం, గ్రామాల్లో అందరికన్నా ఎక్కువ ఖర్చు చేసే నూటికి అయిదుగురు నెలకు తలకు సగటున 10,137 రూపాయలు ఖర్చు పెట్టారు. అట్టడుగున ఉన్న అయిదుగురు 1,677 రూపాయలు పెట్టారు. అంటే తేడా ఆరు రెట్లేనన్నమాట. ఊళ్లో షావుకారుకూ కూలికీ మధ్య దూరం ఆరు రెట్లేనంటే ఏ ఊరి మనిషైనా నమ్ముతాడా? ఎంత కలవాడికైనా పొట్ట జానెడే. తినగా మిగిలింది భూమిగా, బంగారంగా, మరో దుకాణంగా మారుతుంది. అది వినియోగం పద్దులోకి రాదు.

ఇక కింది కొస సంగతి. "అప్పు చేసి పప్పు కూడు" అన్న సామెతను మనం దుబారా మనుషుల్ని దెప్పడానికి వాడతాం. కానీ ఉప్పాడలో అప్పు పప్పు కూడు కోసం కాదు, ఒట్టి కూటి కోసం. ఆ కూడు కూడా సర్వే కాగితం మీద ఖర్చుగానే పడుతుంది. ఎవరి డబ్బుతో తిన్నారన్నది అంతిమ సూచికలో కనిపించదు. పైనున్నవాడి మిగులు దాక్కుంటోంది, కిందున్నవాడి అప్పు తిండిగా కనిపిస్తోంది. ఇద్దరూ కాగితం మీద దగ్గరవుతున్నారు.

నాలుగో చేనేత గణన 2019-20లో వెలువడింది. దేశంలో మూడింట రెండు వంతుల నేత కుటుంబాల నెల ఆదాయం 5,000 రూపాయల లోపేనని అది చెప్పింది. మూడేళ్ల తర్వాత జరిగిన 2022-23 వినియోగ సర్వేలో, గ్రామాల్లో అట్టడుగు అయిదు శాతం వారి ఖర్చే నెలకు తలకు 1,373 రూపాయలు. నలుగురున్న ఇంటికి 5,492. ఏళ్లు వేరు, ధరలు పెరిగాయి, నిజమే. అయినా దేశంలో అందరికన్నా పేదల ఖర్చు కంటే నేత ఇంటి రాబడి తక్కువగా తేలితే, ఆ మధ్య ఖాళీని పూడుస్తున్నది ఏమిటని అడగాలి కదా. కూలికి నేయించుకునే మాస్టర్ వీవర్ ఇచ్చిన అడ్వాన్సు, కిరాణా కొట్టు ఖాతా, తాకట్టులో ఉన్న పుస్తెలతాడు.

ఉప్పాడ మత్స్యకారుల వాడలోనూ ఇదే కథ. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ కాలానికి మత్స్యకార కుటుంబానికి ఇచ్చే భృతిని 2025లో రాష్ట్ర ప్రభుత్వం 10,000 నుంచి 20,000 రూపాయలకు పెంచింది. హర్షించాల్సిందే. రోజుకు లెక్కేస్తే ఇంటికి 328 రూపాయలు. మిగతాది మళ్లీ బాకీయే. బోటుకు వెళ్లే కలాసీకి జీతం ఉండదు, దొరికిన చేపలో వాటా ఉంటుంది. వల ఖాళీగా వస్తే వాటా కూడా ఖాళీయే. కడలి కోతకు ఇల్లు కూలితే ఆ నష్టం ఏ వినియోగ పట్టికలోనూ పడదు.

2020 నవంబరులో నివర్ తుపాను వెలిశాక ఉప్పాడ తీరంలో జనం ఇసుక జల్లెడ పట్టి బంగారు రేణువులు వెతికారు. పత్రికలు వింతగా రాశాయి. నాకది వింతగా అనిపించలేదు. దొరుకుతుందో లేదో తెలియని రేణువు కోసం రోజంతా ఇసుకలో కూర్చోవడం లాభమేననిపించిందంటే, ఆ రోజు చేతిలో ఉన్న కూలి విలువ ఎంతో అదే చెప్పింది.

అసమానత మన కంటికి ఆనకపోవడానికి ఇంకో కారణం, మన చూపు పక్కింటి దగ్గరే ఆగిపోవడం. కూలికి నేసే మనిషికి సొంత మగ్గం ఉన్నవాడు కలవాడు. కలాసీకి బోటు యజమాని కలవాడు. ప్రభుత్వం కూడా సొంత మగ్గం అనే గీత దగ్గరే ఆగింది. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న ఇంటికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. షెడ్డులో పరుల మగ్గం మీద కూలికి నేసేవారు గీతకు అవతలే ఉండిపోయారు.

నగరంలో మనమూ అంతే. 20,000 రూపాయలు పెట్టి ఉప్పాడ చీర కొని, "మేం మధ్యతరగతి వాళ్లం" అంటాం. పట్టణాల్లో అందరికన్నా ఎక్కువ ఖర్చు చేసే నూటికి అయిదుగురి సగటు 2023-24లో నెలకు తలకు 20,310 రూపాయలు. నలుగురున్న మీ ఇంటి ఖర్చు నెలకు 80,000 దాటుతోందంటే మీరు మధ్యలో లేరు, శిఖరం మీద ఉన్నారు. మీ కంటే పైనున్నవారే మీకు కనిపిస్తున్నారు కాబట్టి మీరు నడుమ ఉన్నట్టు తోస్తోంది. చీర నేసిన ఆ ఇద్దరు మీ చూపులో లేరు.

దేశంలో కుటుంబాల ఆదాయం మీద విడిగా ఒక సర్వే 2026లో చేపడతామని కేంద్ర గణాంక శాఖ ప్రకటించింది. 1950ల నుంచి ఈ ప్రయత్నం కొన్నిసార్లు జరిగి ఆగిపోయింది. జనం చెప్పిన ఆదాయం, వారి ఖర్చూ పొదుపూ కలిపిన మొత్తం కంటే తక్కువ తేలడమే అందుకు కారణం. ఈసారి అలా వదిలేయకూడదు. "ఎంత ఖర్చయింది?" అన్నదాంతో ఆగకుండా, మగ్గం ఎవరిది, బోటు ఎవరిది, ధర ఎవరు కట్టారు, బాకీ ఎంత, ఏడాది చివర ఏం మిగిలింది అని అడగాలి. ఆ జవాబులన్నీ కలిపి లెక్కగట్టి ప్రజల ముందు పెట్టాలి.

ఒక మాట పాఠకులకు కూడా. పెద్ద గేట్ల వెనకున్న ఇళ్లు నిజం చెప్పకపోతే పేదల నిజం సగం లెక్కే అవుతుంది. సర్వే మనిషి మీ గుమ్మంలోకి వస్తే వాచ్‌మన్‌తో వెనక్కి పంపకండి. కూర్చోబెట్టి, మీ రాబడి ఉన్నదున్నట్టు చెప్పండి.