గురివింద నలుపు

గురివింద గింజ తన క్రింది నలుపు నెరుగదని తెలుగువారి సామెత. ఎదుటివాని పక్షపాతమును చూచుటకు ప్రతివానికిని కన్నులు కలవు. తన పక్షపాతమును చూచుకొనుటకే చూపు చాలదు. వ్యక్తులకు చెల్లు నీ మాట సంస్థలకును చెల్లును. 2024వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన సుప్రీంకోర్టు వెలువరించిన తీర్పొకటి ఈ సంగతిని దేశము కన్నుల యెదుట నిలిపినది.

సుకన్యా శాంత యను పాత్రికేయురాలు, పలు రాష్ట్రముల కారాగారములలో కులమును బట్టి పనులు పంచుచున్న తీరును పరిశోధించి 2020లో వెల్లడించినది. పిమ్మట ఆమెయే సుప్రీంకోర్టు నాశ్రయించినది. వంటపని కొన్ని కులముల ఖైదీలకును, ఊడ్చు పనియు మరుగుదొడ్లు కడుగు పనియు మరికొన్ని కులములవారికిని అప్పగించు పద్ధతి కొన్ని రాష్ట్రముల జైలు నియమావళులలో అచ్చుపడి యుండెను. పశ్చిమ బెంగాలు నియమావళిలో ఊడ్చువారిని ఏ యే కులములనుండి తీసికొనవలెనో పేర్లతో సహా వ్రాసి యున్నది. ఇట్టి నియమములు రాజ్యాంగములోని 14, 15, 17, 21, 23 అధికరణములకు విరుద్ధములని న్యాయస్థానము వానిని కొట్టివేసినది. ఖైదీల రిజిస్టర్లలో కులము గడిని తీసివేయుమనియు, మూడు మాసములలో నియమావళులను సవరింపుమనియు ప్రభుత్వముల నాదేశించినది.

ఈ తీర్పు స్పృశించిన మరియొక విషయము తెలుగువారికి మిక్కిలి దగ్గరిది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము నేరస్థ జాతుల చట్టమును చేసి, కొన్ని జాతులవారిని పుట్టుకతోనే దొంగలుగ ముద్రవేసినది. మద్రాసు రాజధానిలో ఎరుకలవారు ఆ ముద్రకు గురియైరి. 1913లో బాపట్ల సమీపమున, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో, వారికొరకు ఏర్పడిన నివాసమే స్టూవర్టుపురము. ఆ చట్టము 1952లో రద్దయినది. అయినను దాని వాసన పోలేదు. సంచార జాతులవారిని, ఆ చట్టమునుండి విముక్తులైన జాతులవారిని అలవాటుపడిన నేరస్థులుగ తలంచు పద్ధతిని సుప్రీంకోర్టు 2024లో మరల ఖండింపవలసి వచ్చినది. 1991లో స్టూవర్టుపురము పేరిట రెండు చలనచిత్రములు వెలువడినవి. అందొకదాని పేరిలో ఊరి ప్రక్కనే దొంగలు అను మాట చేరినది. ఆ ఊరి బాలుడు తరగతిలో తన ఊరిపేరు చెప్పినప్పుడు తోటివాడెవడైన నవ్వినచో, ఆ నవ్వునకు మూలము 1871లో కలదు. నవ్విన బాలునకు ఆ సంగతి తెలియదు.

ఇచ్చట ఆలోచింపవలసిన దొకటి యున్నది. అంటరానితనమును నిషేధించిన రాజ్యాంగము 1950 జనవరి 26న అమలులోనికి వచ్చినది. దాని తరువాత డెబ్బది నాలుగేండ్లపాటు ఇట్టి నియమములు పుస్తకములలో నిలిచి యుండుటకు ఎవరు కారకులు? జైలు అధికారులందరును కులద్వేషముతో రగిలిపోయినవారని చెప్పుట న్యాయము కాదు. పాత నియమావళి నుండి క్రొత్త నియమావళికి నకలు వ్రాసినవాడు తన పని తాను చేసెను. దానిపై సంతకము పెట్టినవాడు పూర్వాచారమును మన్నించెను. సంస్థలోని పక్షపాతమునకు ద్వేషముతో పనిలేదు. నకలు వ్రాయువాని శ్రద్ధ, సంతకము చేయువాని తొందర, ఈ రెండును చాలును.

ఇది నియమము వ్రాసి యున్నచోటి సంగతి. నియమ మేదియు లేనిచోట నేమి జరుగును? సుఖదేవ్ థోరాట్, పాల్ అటెవెల్ అను పండితులు 2007లో ప్రకటించిన పరిశోధన దీనికి సమాధానము చెప్పుచున్నది. ఆంగ్ల దినపత్రికలలో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు వారు 4,808 దరఖాస్తులు పంపిరి. అర్హతలు సమానములు; పేర్లు మాత్రమే వేరు. అగ్రవర్ణ హిందువుల పేరు గలవారికి పిలుపు వచ్చు అవకాశమును ఒకటిగ లెక్కించినచో, దళితుల పేరు గలవారికి 0.67, ముస్లింల పేరు గలవారికి 0.33 మాత్రమే తేలినది. ఇది భరతఖండమునకే పరిమితమైన జాడ్యమును కాదు. 2004లో ప్రకటితమైన మరియొక పరిశోధనలో, అమెరికాలోని బోస్టను, చికాగో నగరములలో తెల్లవారి పేర్లతో పంపిన దరఖాస్తులకు పదింటికొక పిలుపు రాగా, నల్లవారి పేర్లతో పంపిన వానికి పదునైదింటికొక పిలుపు వచ్చినది. ఆ దరఖాస్తులను చూచినవారి నడిగినచో, తాము అర్హతనే చూచితిమని చెప్పెదరు. వారు అబద్ధమాడుచున్నారని యనుకొన నక్కరలేదు. పేరు వారి కంటిలో పడినది. వారి బుద్ధికి తెలియకయే తీర్పు జరిగిపోయినది.

పాఠశాల ఈ దోషమునకు అతీతమా? రీమా హన్నా, లీ లిండెన్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు మన దేశమున నొక ప్రయోగము చేసి దాని ఫలితమును 2012లో ప్రకటించిరి. పరీక్షా పత్రముల ముఖపత్రములపై బాలుర కులమును, వయస్సును, ఆడపిల్లయో మగపిల్లవాడో అను సంగతిని చీట్లు తీసినట్లు యాదృచ్ఛికముగ వ్రాసి, ఉపాధ్యాయులచే దిద్దించిరి. అనగా ముఖపత్రమునకును లోపలి వ్రాతకును సంబంధమే లేదు. అయినను తక్కువ కులముగ చూపిన పత్రములకు మార్కులు కొంత తగ్గినవి. తగ్గుదల స్వల్పమే. కాని ముప్పదియైదు మార్కుల గట్టుమీద నిలిచిన బాలునకు ఒక్క మార్కును స్వల్పము కాదు.

ఆ పరిశోధనలో తేలిన మరి రెండు సంగతులను ప్రతి ఉపాధ్యాయుడును గమనింపవలెను. ఈ తగ్గింపు ముఖ్యముగ కనిపించినది తక్కువ కులములకు చెందిన ఉపాధ్యాయులు దిద్దిన పత్రములలోనే. దీనిని విని అగ్రవర్ణములవారు ఊపిరి పీల్చుకొనుటకు వీలులేదు. పైన చెప్పిన ఉద్యోగ దరఖాస్తుల కథ వారి యెదుటనే యున్నది. దీని తాత్పర్య మేమనగా, తరతరముల అభిప్రాయము ఎవరిని అణచెనో వారి మనస్సులలో సయితము అది కాపురము పెట్టగలదు. కావున ఫలానా కులమున పుట్టితిని గాన నాకు పక్షపాతము లేదని యెవరును చెప్పుకొన జాలరు. ఇక రెండవది: కట్టలో మొదట దిద్దిన పత్రములలోనే ఈ భేదము ఎక్కువగ కనిపించినది. ఏ వ్రాతకు ఎన్ని మార్కులు తగునో ఇంకను నిశ్చయము కుదరనప్పుడు, మనస్సు సందేహమును తీర్చుకొనుటకు ముఖపత్రమువైపు చూచుచున్నది.

దిద్దువాని సంగతి యిట్లుండగా, వ్రాయువాని గతి యేమి? కార్లా హాఫ్, ప్రియాంకా పాండే 2004లో ప్రకటించిన పరిశోధనలో, ఉత్తర ప్రదేశమునందలి 642 మంది బాలురు చిక్కుదారుల పటములను సాధించిరి. కులము ప్రస్తావన లేనప్పుడు ఇరుపక్షములవారును ఇంచుమించు సమానులు. అందరి యెదుట కులమును పేర్కొని పిలిచినప్పుడు తక్కువ కులముల బాలురు వెనుకబడిరి. చిక్కులు అవియే, బాలురును అట్టివారే. మారినది పిలిచిన పద్ధతి యొక్కటియే.

కావున పక్షపాతమును ఎదుర్కొనుట పశ్చాత్తాపముతో మాత్రమే జరుగు పని కాదు. అది పద్ధతితో జరుగు పని. పబ్లికు పరీక్షలలో జవాబు పత్రముపై పేరు తీసి గుర్తుసంఖ్య వేయుట అందరెరిగినదే. ఆ విధానమే తరగతి పరీక్షలకును పెట్టుకొనవచ్చును. దిద్దుటకు ముందే ఏ అంశమునకు ఎన్ని మార్కులో వ్రాసికొనవచ్చును. కట్టలోని మొదటి పది పత్రములను చివర మరల చూడవచ్చును. గది నెవరు ఊడ్చుచున్నారు, నీరెవరు తెచ్చుచున్నారు, సభలో ప్రార్థన నెవరు పాడుచున్నారు, తరగతి నాయకు లెవరగుచున్నారు, ఈ నాలుగును నెలకొకమారు కాగితముమీద వ్రాసి చూచినచో, ఏ నియమావళిలోను లేని నియమములు బయటపడగలవు.

దీనికి న్యాయమైన ఆక్షేపణ యొకటి కలదు. కులమును బొత్తిగ కప్పిపుచ్చినచో వెనుకబడినవానికి చేయూత నిచ్చు టెట్లు? ఉపకార వేతనమునకు, వసతి గృహమునకు ఆ వివరము కావలయును గదా? మధ్యాహ్న భోజన పథకమున వంటవారి నియామకములో దళితులకు, షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రాధాన్య మీయవలెనని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించినదియు కులము నెరిగియే గదా? నిజమే. ఈ రెంటికిని విరోధము లేదు. కొలుచునప్పుడు పేరు కనబడరాదు. చేయి అందించునప్పుడు కనబడవలెను. కారాగారపు నియమావళి చేసిన తప్పు కులము నెరుగుట కాదు. ఎరిగి, చీపురు ఎవరి చేతి కీయవలెనో నిర్ణయించుట.

ఇక తోటివానిలో ఈ దోషము కనబడినప్పు డేమి చేయవలెను? నీవు కులపిచ్చివాడవని నిందించినచో అతడు తన్ను సమర్థించుకొనుటకే పూనుకొనును. ఈ పత్రమునకు పదునాలుగు, ఆ పత్రమునకు పదునారు ఎట్లు వచ్చినవో యిద్దరము కలిసి చూతమనుట మేలు. తన పత్రములను అతని చేతి కిచ్చి, నా దిద్దుబాటును నీవు చూడుమనుట అంతకంటె మేలు. గురివింద తన నలుపును తాను చూడలేదు. ప్రక్క గింజ చూచి చెప్పవలసినదే.

జైలు రిజిస్టర్లలోని గడిని కొట్టివేయుమని న్యాయస్థానము ఆదేశించినది; నియమావళుల సవరణకు మూడు మాసముల గడువిచ్చినది. తరగతి గదిలోని గడి ఏ రిజిస్టరులోను లేదు గాన, దానికి గడువిచ్చువా రెవరును లేరు. రేపు సోమవారమున పాఠశాల తెరచినప్పుడు, ఊడ్చుటకు ఏ బాలుని పేరు పిలువబడునో వినుటతో ఆ పని మొదలు పెట్టవచ్చును.