నిజాం నుంచి సైబర్ టవర్స్‌కు ఒక్కటే దుంకుడు!

హైదరాబాద్ టూరులో రాజులున్నరు, వజ్రాలున్నయి. జనం ఏరి?

నాలుగు వందల ఏండ్ల హైదరాబాద్‌ను ఒక్క రోజులో చూపిస్తమని ప్రైవేటు టూరు కంపెనీలు దుకాణం పెట్టినయి. ఏసీ కారు, ఇంగ్లీషు మాట్లాడే గైడు, మంచినీళ్ల సీసా, పగటీలి బిర్యాని. పొద్దున గోల్కొండ, తర్వాత కుతుబ్‌షాహీ సమాధులు, ఆ వెనుక చార్మినార్, లాడ్ బజార్‌లో గాజులు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం. పైసలు ఎక్కువ పెడితే ఫలక్‌నుమాలో చాయ. పొద్దుమూకే యాళ్లకు ట్యాంక్‌బండ్, చివరికి సైబర్ టవర్స్ దిక్కు ఒక చక్కర్. రోజు అయిపోయింది, చరిత్ర ఒడిసింది.

ఈ టూరు చెప్పే కథ ఏంది? నవాబులు కట్టిన్రు, నవాబులు అనుభవించిన్రు, నడుమ యాభై ఏండ్లు ఊరు నిద్రపోయింది, 1998లో సైబర్ టవర్స్ రాంగనే లేచింది! నిజాం నుంచి సైబర్ టవర్స్‌కు ఒక్కటే దుంకుడు. ఆ నడుమ 1948 లేదు, 1952 లేదు, 1956 లేదు, 1969 అసలే లేదు. ఈ కథ మనకు కొత్తది కాదు. 2009 తర్వాత హైదరాబాద్ మీద పేచీ పెట్టినోళ్లు టీవీల్లో కూసుండి చెప్పిన కథ ఇదే. ‘మేమొచ్చినంకనే హైదరాబాద్ హైదరాబాద్ అయింది’ అన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రమొచ్చింది. 2024 జూన్ 2తో ఉమ్మడి రాజధాని గడువు కూడా తీరిపోయింది. కథ మాత్రం కారెక్కి ఇంకా తిరుగుతనే ఉన్నది!

అందుకే మేం ఆ బాట వెంబడి ఒక దినమంతా తిరిగినం. ఏది చూపిస్తున్నరో, ఏది దాస్తున్నరో లెక్క రాసుకున్నం. ఆ లెక్క ఇక్కడ పెడుతున్నం.

చప్పట్లు వినపడతయి, చెమట కనపడదు

గోల్కొండలో ఫతే దర్వాజా కింద గైడు చప్పట్లు కొడ్తడు. పైన బాలాహిస్సార్ దాకా వినపడుతది. పర్యాటకులు నోరెళ్లబెడతరు. మంచిదే. ఆ కమాను లెక్క తెలిసిన మేస్త్రీలకు దండం పెట్టాల్సిందే. కని కాకతీయుల కాలపు మట్టికోట మీద రాయి పేర్చి ఇంత కోట లేపిన వడ్డెరలు ఎవరు, సున్నం నూరిన కైకిలోల్లు ఎవరు అంటే గైడు కాడ ఒక్క ముక్క లేదు.

రామదాసు బందీఖానా చూపిస్తరు. అక్కన్న మాదన్నల కచేరి అని ఒక గోడ చూపించి ముందుకు నడుస్తరు. ఆ అన్నదమ్ములు హనుమకొండ నుంచి వచ్చి తానీషా కొలువులో రాజ్యం నడిపిన్రని, 1686లో వాళ్లను నడివీధిలో నరికిన్రని, ఆ మరుసటేడే ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు కోట గెలిచిండని చెప్పరు. తెలుగును నెత్తిన పెట్టుకున్న ఇబ్రహీం కుతుబ్‌షాను మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నరు. మొదటి అచ్చ తెలుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ను పొన్నెగంటి తెలగన్న అంకితమిచ్చింది పటాన్‌చెరు ఏలిన అమీన్‌ఖాన్‌కు. ‘మీకు తెలుగే రాదు’ అని మనను ఎక్కిరించినోళ్లకు గోల్కొండ చెప్పే జవాబు ఇది. ఆ జవాబు టూరులో లేదు.

ప్రేమకథలు సరే, తుర్రెబాజ్ ఖాన్ ఏడి?

చార్మినార్ కాడ భాగమతి ప్రేమకథ. భాగమతి అసలు ఉన్నదా లేదా అని చరిత్రకారులకే తగువు తెగలేదు. గైడుకు ఆ అనుమానమే లేదు. 1591లో కట్టిన ఊరును ఒక్క ప్రేమకథతో ముగిస్తడు. కోఠి రెసిడెన్సీ కాడికి తీస్కపోతే అక్కడ ఇంకో ప్రేమకథ, కిర్క్‌పాట్రిక్ దొర, ఖైరున్నీసా బేగం.

అదే రెసిడెన్సీ మీదికి 1857 జులై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ రోహిల్లాలను ఎంటేసుకొని దండెత్తిన్రు. తెల్లదొరల ఫిరంగులకు ఎదురుపోయిన్రు. మౌల్వీని అండమాన్ పంపిన్రు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దిక్కు అడవిలో కాల్చి చంపి, శవాన్ని పట్నంలో వేలాడదీసిన్రు. ‘పెద్ద తుర్రంఖాన్‌వా?’ అని మన గల్లీల్లో పోరగాండ్లు ఇప్పటికీ అంటరు. జనం నోట్లో బతికినోడు టూరు కాగితంలో సచ్చిపోయిండు. దొర ప్రేమకున్న ధర మనోడి ప్రాణానికి లేదా?

నూటొక్క కుర్చీలు సరే, కూడు ఎవరిది?

ఫలక్‌నుమాలో నూటొక్క మంది ఒక్కసారే కూసుండి తినే బల్ల ఉన్నది. వికారుల్ ఉమ్రా కట్టించిన ఆ మహలు ఆరో నిజాం చేతికొచ్చింది, 2010 నుంచి స్టార్ హోటల్‌గా నడుస్తున్నది. గైడు బల్ల పొడుగు చెప్తడు. చౌమహల్లాలో రోల్స్ రాయిస్ కారు చూపిస్తడు. ఏడో నిజాం 1937లో ‘టైమ్’ పత్రిక అట్ట మీద ప్రపంచంలోనే అందరికంటే ధనవంతుడుగా అచ్చయిండని చెప్తడు. జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుకు పెట్టుకున్నడని చెప్తే అందరూ ‘అబ్బా’ అంటరు.

ఆ ధనం ఆకాశం నుంచి రాలిందా? సర్ఫేఖాస్ అంటే నిజాం సొంత ఖర్చుల భూములు. పట్నం చుట్టున్న అత్రాఫ్‌బల్దా జిల్లా దాని కిందనే ఉండేది. తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతు కట్టిన శిస్తు ఈ గోడల్లో ఉన్నది. దేశ్‌ముఖ్‌ల గడీల్లో వెట్టి చేసినోళ్ల ఉసురు ఉన్నది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య గుండెకు తాకిన తూటా ఈ వైభవానికి అవతలి ముఖం. రాజరికం మీద కలం పట్టిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో ఇదే పట్నంలో నరికిన్రు. కారులో పోయేటోళ్లకు ఆ జాగ ఎవరు చూపిస్తరు?

కొందరు మమ్ముల అడుగుతరు, ‘మీరు నిజాంను పొగుడుతరా, తిడతరా?’ అని. మాది రెండూ కాదు. కట్టినదాన్ని కట్టిందంటం, దోచినదాన్ని దోచిందంటం. కోట రాజుది, రాయి మాది. రెండూ చెప్పేదే చరిత్ర.

ఇగ ఆ వజ్రం సంగతి. నిజాం నగలను 1995లో కేంద్ర సర్కారు 218 కోట్లిచ్చి ట్రస్టుల నుంచి కొన్నది. జాకబ్ వజ్రంతో కలిపి 173 నగలు. 2001లో, 2006లో సాలార్‌జంగ్ మ్యూజియంలో కొన్నాళ్లు చూపించిన్రు. 2019లో ఢిల్లీలో పెట్టిన్రు. ఎక్కువ కాలం రిజర్వు బ్యాంకు ఖజానాలోనే. మన చెమట మనకు చూసే భాగ్యం కూడా లేదు. దాని మీద గైడూ మాట్లాడడు, మనం పంపిన ఎంపీలూ గట్టిగ మాట్లాడరు.

‘మేం కట్టిన హైదరాబాద్’ లెక్క

అఫ్జల్‌గంజ్ కాడ మూసీ మీది నుంచి కారు పోతది. ఒక్క నిమిషం ఆపితే సగం వాదన అక్కడనే తేలుతది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేల మందిని మింగింది. ఉస్మానియా దవాఖాన ఆవరణలో ఉన్న చింతచెట్టు నూట యాభై మందిని కాపాడింది. కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, పెండ్లాన్ని, బిడ్డను ఆ వరదకు అప్పజెప్పి ఒక్కడే మిగిలిండు. ఆ దుఃఖం నుంచి విశ్వేశ్వరయ్య సలహా మీద 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చినయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు వచ్చింది. మూసీ గట్టున హైకోర్టు, దవాఖాన, సిటీ కాలేజీ లేచినయి.

ఇంకా లెక్క కావాల్నా? 1874 నాటికి రైలు. 1891లో అసఫియా లైబ్రరీ. 1913లో టౌన్‌హాల్, అదే మన అసెంబ్లీ. 1916లో కాచిగూడ స్టేషన్. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ. 1932లో 27 బస్సులతో సర్కారు బస్సు. 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం. ఇవన్నీ 1956 నవంబర్ 1కి ముందువే. 1953లో ఆంధ్ర రాష్ట్రం కర్నూలులో గుడారాల కింద కచేరీలు నడిపిందని ఎవరు మర్చిపోయినా మనం మర్చిపోలేదు. కట్టిన పట్నానికి వచ్చిన్రు, పట్నం కట్టి ఇయ్యలేదు. బతకొచ్చినోళ్లతో మనకు తగువు ఎన్నడూ లేదు. మన తగువు చరిత్రను మింగినోళ్లతోనే.

ఆగని జాగలు

సిటీ కాలేజీ ముందట కారు ఆగదు. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ హక్కుల కోసం లేచిన విద్యార్థుల మీద పోలీసులు కాల్పులు జరిపింది అక్కడనే. అసెంబ్లీ ముందట ఫోటో దిగుతరు. ఎదురుంగ గన్‌పార్కులో ఎక్కా యాదగిరిరావు చెక్కిన అమరవీరుల స్తూపం దిక్కు తల కూడా తిప్పరు. 1969లో 369 మంది నేలరాలిన్రని ఉద్యమం చెప్పుకునే లెక్క. ఆ లెక్కకు ఈ టూరులో రెండు నిమిషాలు దొరకవా?

ట్యాంక్‌బండ్ మీద బుద్ధుడిని చూపిస్తరు. ఆ రాయి భువనగిరి పక్కన రాయగిరిది. 1990లో తెప్ప ఒరిగి విగ్రహం మునిగింది, దాంతోపాటు మనుషులూ మునిగిన్రు. 1992లో విగ్రహాన్ని తీసి నిలబెట్టిన్రు. పోయిన మనుషులను ఎవరు నిలబెట్టాలె? 1986లో కట్ట మీద పెట్టిన విగ్రహాల్లో తెలంగాణ బిడ్డలు ఎందరో లెక్కపెట్టండి, వివక్ష అంటే ఏందో పుస్తకం చదవకుండనే తెలుస్తది. 2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు జనం కోపం ఆ కట్ట మీద ఎందుకు పగిలిందో కూడా తెలుస్తది.

తప్పు టూరోళ్లదేనా?

ఇక్కడ మన ఇంటి సంగతి కూడా చెప్పకుంటే ఈ పత్రికకు నీతి ఉండదు. ‘1956కు ముందే మాకు ఇంత పట్నం ఉండె’ అని వాదించి రాష్ట్రం తెచ్చుకున్నం. తెచ్చుకున్నంక ఏం చేసినం? 1888 నాటి సైఫాబాద్ ప్యాలెస్‌ను, మనం జీ బ్లాక్ అని పిలుచుకున్నదాన్ని, 2020 జులైలో పాత సచివాలయంతో కలిపి నేలమట్టం చేసిన్రు. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో ఉద్యోగులు పిడికిలెత్తిన జాగ అది. అంతకుముందు ఏడాది ఎర్రమంజిల్‌ను కూడా కొత్త అసెంబ్లీ కోసం కూల్చాలనుకున్నరు. 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు అడ్డం పడ్డది కాబట్టి అది నిలబడ్డది. 2017లో వారసత్వ చట్టం చేసింది మనమే, దాన్ని పక్కకు నూకింది కూడా మన పాలకులే!

ఉస్మానియా దవాఖానను కూలగొడతమని 2015లో ఒక సర్కారు అన్నది. 2025 జనవరిలో ఇంకో సర్కారు గోషామహల్‌లో కొత్త దవాఖానకు రాయి వేసింది. పాత భవనం గతి ఏందో రాతపూర్వకంగా చెప్పాలె. మూసీ అందం పేరుతో 2024లో ఒడ్డు మీది పేదల ఇండ్లకు ఎర్ర గుర్తులేసిన్రు, కొన్నిటిని కూల్చిన్రు. రాజు కట్టిందీ దక్కకపాయె, పేదోడు కట్టుకున్నదీ దక్కకపాయె. ఇగ టూరు గైడుకు చూపించేటందుకు మిగిలేది అద్దాల మేడలే. పరాయి పాలకులు మన చరిత్రను దాస్తే కొట్లాడినం. మనోళ్లు కూల్చితే చూసుకుంట కూసుంటమా?

మనం చేయాల్సింది

గైడు పొట్ట మీద కొట్టుమని మేం అనం. ఆ పోరడు కూడా మన పోరడే. కంపెనీ రాసిచ్చిన ముక్క అప్పజెప్తడు. ఆ ముక్కను మార్చాలె.

సర్కారు గైడులకు ఇచ్చే శిక్షణలో 1857, 1952, 1969, 2009–14 పాఠాలు ఉండాలె. ప్రతి పాత భవనం ముందట తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో పలక పెట్టాలె. కట్టించినోడి పేరుతోపాటు కష్టపడ్డోళ్ల ముచ్చట, అక్కడ జరిగిన పోరాటం రాయాలె. నిజాం నగలు హైదరాబాద్‌కు రావాలె. వారసత్వ భవనం మీద గడ్డపార పడే ముందు జనం ముందట విచారణ జరగాలె.

విద్యార్థుల్లారా! ఆర్ట్స్ కాలేజీ నుంచి గన్‌పార్కు దాకా, సిటీ కాలేజీ నుంచి కోఠి రెసిడెన్సీ దాకా మీరే జనాన్ని నడిపించండి. టికెట్ వద్దు, ఏసీ కారు వద్దు. ఆదివారం నాడు రెండు గంటలు చాలు. ఉద్యోగ మిత్రులారా! జిల్లాల నుంచి వచ్చే మీ చుట్టాలను చార్మినార్ చూపించి పంపకండి, స్తూపం కాడికి తీస్కపోండి. పిల్లగాండ్లకు 369 అనే అంకె చెప్పండి.

రాష్ట్రం కాగితం మీద వచ్చింది. రాజధాని చరిత్ర ఇంకా మన చేతికి రాలేదు. కొట్లాడి తెచ్చుకున్న పట్నానికి కిరాయి కథలు వద్దు. మన కథ మనమే చెప్పుకుందాం.

జై తెలంగాణ!