వేడి పెరిగితే వేగం పెరుగును



రెంటచింతల ఎండ ఎట్టిదో పల్నాటి వారికి మేము ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అయితే ఆ ఎండ మన ఒంటినే కాదు, వంటింట్లోని పాలను, అలమరలోని మందులను, ఇంటికి తెచ్చుకున్న మిరపకాయలను కూడా తాకుతుంది. అది ఎలాగో ఈ నెల తెలిసికొందము.

ప్రతి పదార్థంలోను కంటికి కనబడని అణువులుంటాయి. అవి ఎప్పుడూ కదులుతూ, ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. తగిలినంత మాత్రాన మార్పు జరగదు; తగినంత బలంగా తగలాలి. వేడి పెరిగినప్పుడు అలా బలంగా తగిలేవి ఎన్నో రెట్లు పెరుగుతాయి. స్వీడన్ శాస్త్రజ్ఞుడు అర్రీనియస్ 1889లో ఈ సంగతిని లెక్కగట్టి వివరించారు. 10 డిగ్రీలు పెరిగితే చాలా రసాయన చర్యల వేగం సుమారు రెండింతలవుతుందని ఒక మోటు లెక్క. అంటే 25 డిగ్రీల దగ్గర జరిగే పని 45 డిగ్రీల దగ్గర ఇంచుమించు నాలుగింతల వేగంతో జరుగుతుందన్నమాట.

చలికాలంలో తోడు వేసిన పాలు తెల్లవారినా సరిగా తోడుకోవు. వేసవిలో కొద్ది గంటలకే పులిసిపోతాయి. కాని కాగే పాలలో తోడు వేస్తే పెరుగు కానే కాదు. తోడులోని సూక్ష్మజీవులు ఆ వేడికి చనిపోతాయి. అందుకే పాలు కాచి పెట్టుకుంటే కొంతసేపు నిలుస్తాయి.

మిరపకాయల ఎర్రదనం వేడికి త్వరగా వెలిసిపోతుంది. రంగు తగ్గితే ధర తగ్గుతుంది. అందుకే రైతులు అద్దె కట్టి మరీ టిక్కీలను కోల్డ్ స్టోరేజీలలో దాచుకుంటారు.

పిడుగురాళ్ల బట్టీలలో సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. రాయి ఎండలో ఎన్నేళ్ళు పడి ఉన్నా సున్నం కాదు. కాల్చిన సున్నంపై నీళ్ళు పోస్తే వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను ఇంకా త్వరపెట్టి నీళ్ళు మరిగి చిందుతాయి. పిల్లలను దగ్గరకు రానీయకండి. కంట్లో పడితే వెంటనే మంచినీళ్ళ ధారతో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి తీసికొని వెళ్ళండి.

ఇక ముఖ్యమైన మాట. షుగరు వ్యాధికి ఇన్సులిన్ వాడేవారు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు. తెరవని సీసాను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వేడికి దాని శక్తి తగ్గిపోతుంది. చూపుకు మాత్రం ఏ మార్పూ కనబడకపోవచ్చు. క్రమం తప్పక సూది వేసికొంటున్నా షుగరు పెరుగుతుంటే మందు ఎక్కడ ఉంచుతున్నారో కూడా డాక్టరుగారికి చెప్పండి. ఫ్రిజ్ లేనివారు సీసాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి, నీడలో తడి ఇసుక పోసిన కుండలో ఉంచవచ్చును. ఫ్రిజ్ ఉన్నవారు మంచు గడ్డకట్టే అరలో పెట్టరాదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. బస్సు ప్రయాణంలో కిటికీ ప్రక్కన, ఎండ తగిలేచోట సంచి ఉంచవద్దు.

పెండ్లి విందులలో మిగిలిన మాంసం కూరను వేసవిలో గంటకు మించి బయట ఉంచి తినవద్దని మా మనవి. పోయేది కూర మాత్రమే. విరేచనాలు పట్టుకుంటే చిన్నపిల్లలకు, వృద్ధులకు ప్రాణాపాయం.